ఫలశ్రుతిలో లేని ఒళ్ళు

రాజవొమ్మంగిలో బస్సు దిగి టీ కొట్టు వైపు నడుస్తుంటే ఒక ప్రహరీ గోడ మీద ఫ్లెక్సీ కనిపించింది. ఎండకి రంగు వెలిసిపోయింది. ఒక మూల తాడు తెగి గాలికి టపటపా కొట్టుకుంటోంది. మధ్యలో పద్మాసనం వేసుకున్న తెల్లటి బొమ్మ, ఆ బొమ్మకి ముఖం లేదు. చుట్టూ సూర్యకిరణాల్లా గీతలు, ప్రతి గీత చివరా ఒక ప్రయోజనం. రక్తపోటు తగ్గును. జీర్ణశక్తి పెరుగును. ఏకాగ్రత కుదురును. మనశ్శాంతి కలుగును. మధుమేహము అదుపులో ఉండును. లెక్కపెడితే పన్నెండున్నాయి.

టీ తాగుతూ మళ్ళీ చదివాను. పుస్తకాల మీద రాసేవాళ్ళకి ఒక జబ్బుంటుంది. ఏ గోడ మీద ఏ వాక్యం కనబడినా అందులో కర్త ఎవరు, క్రియ ఏం చేస్తోంది అని చూడకుండా ఉండలేరు. ఆ పన్నెండు వాక్యాల్లో ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. ఎవరి రక్తపోటు? ఎవరి జీర్ణశక్తి? పొద్దున్న ఏం తిన్నవాళ్ళ జీర్ణశక్తి? ఆ వాక్యాలకి అదేమీ పట్టదు. వాటంతట అవే తగ్గుతాయి, పెరుగుతాయి, కలుగుతాయి.

యోగా వల్ల శారీరక, మానసిక ఆరోగ్యానికి కలిగే లాభాల గురించి తెలుగులో బోలెడంత రాశారు. బస్టాండు బంకుల్లో దొరికే యాభై రూపాయల పుస్తకం దగ్గర్నుంచి దినపత్రికల ఆరోగ్యం పేజీ దాకా, స్కూలు డైరీ వెనక అట్ట దాకా అంతా కలిపితే ఒక పెద్ద సాహిత్యమే అవుతుంది. దాన్ని మనమెవరం సాహిత్యంగా చదవం. ఒకసారి చదివి చూద్దామని ఈ వ్యాసం. యోగాని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. దానివల్ల బాగుపడిన ఒళ్ళు నాది. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

*

ముందు ఆ ‘ను’ సంగతి చూద్దాం. తగ్గును, కలుగును, నశించును. ఇవాళ తెలుగులో ఇలా ఎవరూ మాట్లాడరు, పత్రికలవాళ్ళు కూడా రాయరు. అయినా యోగా ప్రయోజనాల దగ్గరికొచ్చేసరికి ఈ పాత క్రియ లేచి కూర్చుంటుంది. ఎక్కడిదిది? మన ఇళ్ళల్లో వ్రతకథల పుస్తకం చివరి పేజీ గుర్తు తెచ్చుకోండి. ఈ కథ విన్నవారికి సకల సంపదలు కలుగును, చదివినవారికి రోగములు తొలగును. అదే ఫలశ్రుతి. స్తోత్రం అయిపోయాక, దాన్ని చదివితే ఏమొస్తుందో చెప్పే భాగం. యోగా పుస్తకాల్లో ‘ఉపయోగములు’ అనే శీర్షిక కింద ఉండేది అచ్చంగా ఇదే. ఫలశ్రుతి వైద్యుడి తెల్లకోటు వేసుకుంది, అంతే తేడా.

ఈ చుట్టరికం కొత్తది కూడా కాదు. పదిహేనో శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగప్రదీపికలో ఆసనాల వర్ణన పక్కనే వాటి ఫలాలూ ఉంటాయి. మయూరాసనం వేస్తే పొట్టలో జబ్బులు పోవడమే కాదు, కాలకూట విషం కూడా అరిగిపోతుందట. అతిశయోక్తి అని నవ్వుకోవచ్చు. కానీ ఆ పుస్తకం అతిశయోక్తి దగ్గరే ఆగిపోలేదు. అదే మొదటి అధ్యాయంలో యోగాన్ని చెడగొట్టే ఆరింటిని కూడా లెక్కపెట్టింది: మితిమీరిన తిండి, మితిమీరిన శ్రమ, అతివాగుడు, నియమాల మీద మొండిపట్టు, జనసమ్మర్దం, చపలత్వం. మన పుస్తకాలు మొదటి జాబితాని పట్టుకొచ్చి రెండోదాన్ని అక్కడే వదిలేశాయి. శ్రమ ఎక్కువైతే యోగం చెడుతుందని, గుంపులో చెడుతుందని రాసిన ఫ్లెక్సీ నాకు ఇంతవరకూ ఎక్కడా కనబడలేదు. మీకు కనబడితే చెప్పండి.

పతంజలి అయితే ఆసనం గురించి మరీ పొదుపుగా మాట్లాడాడు. దాదాపు 195 యోగసూత్రాల్లో ఆసనానికి ఇచ్చింది మూడే. కుదురుగా, హాయిగా ఉండాలి అన్నాడు. రక్తపోటు ప్రసక్తి లేదు. మన వేమన ఇంకో అడుగు ముందుకెళ్ళాడు. ఆసనాలేసి ఒళ్ళు విరుచుకునే యోగం మల్లయోధుడి సాముకన్నా ఓ పిసరు తక్కువేనని తేల్చేశాడు. యోగి అని పేరు పెట్టుకున్నవాడే ఆ మాట అన్నాడంటే, ఒళ్ళు వంచడం యోగం కాదని కాదు. అది ఒక్కటే అయితే దానికి వ్యాయామశాల చాలునని. ఆ వెక్కిరింతలో పెద్ద విమర్శకుడున్నాడు. ‘ఎందుకు చేస్తున్నావు’ అని అడగకుండా ‘ఎంత చేశావు’ అని అడిగే ప్రతి తరానికీ అది తగులుతుంది.

*

ఇప్పుడు నా సంగతి. హైదరాబాదులో పదకొండేళ్ళు కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. నడుం పట్టేసింది. రాత్రిపూట పక్కకి తిరగాలంటే ఊపిరి బిగబట్టాల్సొచ్చేది. నిద్ర పోయింది, నిద్రతో పాటు ఓపికా పోయింది, ఇంట్లో అందరి మీదా విసుక్కోవడం అలవాటైంది. ఎవరో చెబితే ఒక యోగా క్లాసులో చేరాను. అరవైమంది, ముందు మైకు, వెనక పాట. మూడో రోజు ముందుకి వంగమని మైకు చెప్పింది, వంగాను. తొడ వెనక ఏదో పుటుక్కుమంది. మైకుకి అది వినబడలేదు. వినబడే వీలూ లేదు.

రెండో టీచరు డెబ్భై ఏళ్ళ ఆవిడ, వాళ్ళింటి హాల్లో ఆరుగురికి చెప్పేది. మొదటిరోజు ఆవిడ నా చేత ఏ ఆసనమూ వేయించలేదు. పడుకోబెట్టి, మోకాళ్ళ కింద దిండు పెట్టి, ‘ఎక్కడ నొప్పిగా ఉంది, ఎక్కడ లేదు, రెండూ చెప్పండి’ అంది. నొప్పి లేని చోటు గురించి అంతకుముందు నన్నెవరూ అడగలేదు. ఎనిమిది నెలలు పట్టింది. నడుం పూర్తిగా పోయిందని అనను. కానీ రాత్రి పక్కకి తిరుగుతున్నాను. అది చిన్న విషయం కాదు.

నా ఒక్క ఒళ్ళు సాక్ష్యం కాదు కాబట్టి, పరిశోధనలు ఏమంటున్నాయో చూశాను. ఫ్లెక్సీకి భిన్నంగా అవి తగ్గు స్వరంలో మాట్లాడతాయి. దీర్ఘకాలం వేధించే నడుంనొప్పి మీద 2017లో వచ్చిన కోక్రేన్ సమీక్ష, ఏ వ్యాయామమూ చేయనివాళ్ళతో పోలిస్తే యోగా చేసినవాళ్ళు కొంత మెరుగయ్యారంది. నడుంకోసం చేసే మామూలు వ్యాయామాలతో పోలిస్తే మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. డిప్రెషన్ మీద జరిగిన పన్నెండు ప్రయోగాలని హోల్గర్ క్రామర్ బృందం 2013లో కలిపి చూసింది. మామూలు చికిత్స మాత్రమే పొందినవాళ్ళకన్నా యోగా చేసినవాళ్ళకి కొన్నాళ్ళపాటు ఉపశమనం ఉంది. మన దేశంలోనే గుండెపోటు వచ్చిన 3,959 మందితో, 24 ఆసుపత్రుల్లో యోగా-కేర్ అనే పెద్ద ప్రయోగం జరిగింది. ఫలితాలు 2020లో వచ్చాయి. మళ్ళీ గుండెపోటు రావడం, చనిపోవడం వంటివాటిలో స్పష్టమైన తేడా చూపించలేకపోయారు. కానీ యోగా నేర్చుకున్నవాళ్ళు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు, పాత పనుల్లోకి మెరుగ్గా తిరిగి వెళ్ళగలిగారు.

నాకు ఈ ఫలితాలు చాలా అందంగా కనిపించాయి. ఎందుకంటే వీటిల్లో మనుషులున్నారు. ‘గుండె జబ్బు నశించును’ అనే వాక్యంలో లేని మనిషి, ‘మళ్ళీ పనిలోకి వెళ్ళగలిగాను’ అనే వాక్యంలో ఉన్నాడు. లాభం చిన్నది, కానీ అది ఒకరి లాభం. నిజం చెప్తే యోగా పరువు తగ్గుతుందని మనవాళ్ళకి ఎందుకంత భయమో తెలీదు. కాలకూట విషం అరక్కపోయినా పర్వాలేదు, పక్కకి తిరిగి పడుకోగలిగితే చాలనుకునేవాళ్ళు కోట్లమంది ఉన్నారు.

*

2025 జూన్ దగ్గరికొద్దాం. పదకొండో అంతర్జాతీయ యోగా దినోత్సవానికి విశాఖపట్నం వేదిక. అంతకు నెల ముందు నుంచీ రాష్ట్రమంతా ‘యోగాంధ్ర’ పేరుతో కార్యక్రమాలు. జూన్ 21న సముద్రం ఒడ్డున మూడు లక్షల మందికి పైగా కలిసి ఆసనాలు వేస్తే గిన్నిస్ రికార్డు వచ్చింది. దానికి ముందురోజు సాయంత్రం ఆంధ్రా యూనివర్సిటీ మైదానంలో ఇంకో రికార్డు. ఇరవై వేలకు పైగా గిరిజన విద్యార్థులు 108 నిమిషాల్లో 108 సూర్యనమస్కారాలు చేశారు. వాళ్ళు వచ్చింది అల్లూరి సీతారామరాజు జిల్లా నుంచి. 2022 ఏప్రిల్లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు రాజవొమ్మంగి కూడా ఆ జిల్లాలోకే వెళ్ళింది.

టీ కొట్టు దగ్గర ఒక అమ్మాయి కలిసింది, సెలవులకి ఇంటికొచ్చిందట. ఫ్లెక్సీకేసి చూస్తున్న నన్ను చూసి నవ్వింది. నువ్వు కూడా వెళ్ళావా అమ్మా వైజాగ్, అనడిగాను.

“ఎల్లేను మేడం. నూట ఎనిమిదీ చేసేం.”

“కష్టమనిపించలేదా?”

“మోకాళ్ళు నొప్పెట్టేసేయి. మా ఫ్రెండ్ మజ్జలో కూచుండిపోయింది.” కాసేపాగి, “కానీ సముద్రం చూసేం మేడం. నేనెప్పుడూ చూళ్ళేదు,” అంది.

ఈ సంభాషణని నాకు కావలసినట్టు వాడుకోకూడదని వచ్చేటప్పుడు బస్సులో అనుకున్నాను. పిల్లల్ని హింసించారని రాసేస్తే సముద్రం మాయమవుతుంది. సముద్రం చూశారు కదా అని రాసేస్తే మోకాళ్ళు మాయమవుతాయి. ఆ అమ్మాయి రెండూ ఒకే ఊపిరిలో చెప్పింది. మధ్యలో కూర్చుండిపోయిన స్నేహితురాల్ని కూడా మర్చిపోలేదు. ఆ నాలుగు మాటల్లో ఉన్నంత నిజాయితీ ఫ్లెక్సీ పన్నెండు వాక్యాల్లో లేదు.

సూర్యనమస్కారానికి పన్నెండు భంగిమలు. నూట ఎనిమిది సార్లంటే 1,296. నిమిషానికొకటి చొప్పున చేస్తే ఒక్కో భంగిమకి దొరికేది ఐదు సెకన్లు. ఐదు సెకన్లలో ఊపిరి తీసుకుని వదలాలి. దీన్ని యోగం అనాలా, కవాతు అనాలా? ఈ ప్రశ్న నాది మాత్రమే కాదు, చరిత్రలోనే ఉంది. ఇవాళ మనం చూసే సూర్యనమస్కారాలకి ప్రచారం తెచ్చినవాడు మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు భవానరావ్ పంత్ ప్రతినిధి. 1920లు, 30లలో ఆయన వాటిని తన సంస్థానం బడుల్లో ప్రవేశపెట్టాడు, ఇంగ్లీషులో పుస్తకం వేయించి విదేశాలకీ పంపాడు. ఆయన దృష్టిలో అది దేశం కోసం దృఢమైన శరీరాలని తయారుచేసే పద్ధతి. మార్క్ సింగిల్టన్ 2010లో వచ్చిన ‘యోగా బాడీ’ పుస్తకంలో ఈ కథంతా విప్పి చెప్పాడు. యూరప్ జిమ్నాస్టిక్సు, మన కుస్తీ సాములు, బడుల్లో డ్రిల్లు, పాత హఠయోగం అన్నీ ఆ దశాబ్దాల్లో ఎలా కలిసిపోయాయో. మైసూరు రాజావారి అండతో 1933 నుంచి కృష్ణమాచార్య నడిపిన యోగశాల కూడా ఆ కాలందే. వేమన వెక్కిరించిన సాము, ఆయన పోయిన కొన్ని వందల ఏళ్ళకి నిజంగానే యోగంలోకి వచ్చి కూర్చుంది.

కలిసిపోవడంలో తప్పేం లేదు. సంస్కృతులు అలాగే బతుకుతాయి. కాకపోతే దృఢమైన శరీరాల్ని తయారుచెయ్యాలనుకునే రాజుకీ, నొప్పి ఎక్కడుందని అడిగే టీచరుకీ తేడా ఉంది. ఆ కృష్ణమాచార్య శిష్యుడే బి.కె.ఎస్. అయ్యంగార్. 1918లో, ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి రోజుల్లో పుట్టాడు. చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయ అన్నీ చుట్టుముట్టాయి. సన్నటి కాళ్ళూ, బరువైన తలా ఉన్న ఆ రోగిష్టి కుర్రాడు తర్వాత కుర్చీలు, తాళ్ళు, చెక్కదిమ్మెలు, దుప్పట్లు పట్టుకొచ్చి, వంగలేని ఒంటికి ఆసనాన్ని దగ్గర చేశాడు. అనారోగ్యం తెలిసినవాడు కాబట్టి ఒళ్ళు ఆసనం దగ్గరికి రావాలని పట్టుబట్టకుండా, ఆసనాన్నే ఒంటి దగ్గరికి తెచ్చాడు. ఏజెన్సీకి పనికొచ్చే యోగా వారసత్వం ఏదైనా ఉంటే అది ఇక్కడుందని నాకనిపిస్తుంది.

*

ఏజెన్సీ ఒంటి గురించి ఫ్లెక్సీకి తెలియని సంగతులు కొన్నున్నాయి. దేశం మొత్తమ్మీద 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆదివాసీ ప్రాంతాల్లో దానికి తోడు సికిల్ సెల్ ఉంది. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి, ఎముకల్లోంచి నొప్పి తన్నుకొస్తుంది. మన దేశంలో ఈ జబ్బు ఆదివాసుల్లోనే ఎక్కువ. 2047 నాటికి దీన్ని నిర్మూలించాలని 2023 జూలై 1న కేంద్రం జాతీయ మిషన్ మొదలుపెట్టింది, ఏడు కోట్లమందికి పరీక్షలు చెయ్యాలన్నది లక్ష్యం. మితిమీరిన శ్రమ, ఒంట్లో నీరు తగ్గడం, విపరీతమైన ఎండ లేదా చలి ఈ నొప్పిని రెచ్చగొడతాయి. సికిల్ సెల్ ఉన్న పిల్లలకి డాక్టర్లు మొట్టమొదట చెప్పే జాగ్రత్త కూడా ఇదే: నీళ్ళు తాగు, అలిసిపోకముందే ఆగు.

అలాగని ఈ పిల్లలకి యోగా పనికిరాదని కాదు. సికిల్ సెల్ నొప్పితో ఆసుపత్రిలో చేరిన పిల్లల మీద 2017లో అమెరికాలో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. మంచం దగ్గరే, మెల్లగా, ఊపిరి మీద దృష్టి పెట్టి చేయించిన ఒక్క సెషన్ తర్వాత నొప్పి కొంత తగ్గింది. మందులు వాడే మోతాదు తగ్గలేదు, ఆసుపత్రిలో ఉండే రోజులూ తగ్గలేదు. కానీ ఆ కాసేపు నొప్పి తగ్గింది. అదే యోగా, అదే జబ్బు. ఒకచోట మైదానం, ఇంకోచోట మంచం. ఫలితం ఆసనంలో లేదు, ఎవరు ఎవరికి ఎలా చేయిస్తున్నారన్న దాంట్లో ఉంది. ఫలశ్రుతి చెప్పలేనిది కూడా సరిగ్గా ఇదే. ఎందుకంటే దానికి ‘ఎవరు’ అన్న మాట రాదు.

రోడ్డు లేని ఊళ్ళ నుంచి గర్భిణిని డోలీలో మోసుకొచ్చే వార్తలు మన్యం నుంచి ప్రతి వానాకాలమూ వస్తూనే ఉంటాయి. కర్రకి దుప్పటి కట్టి, నలుగురు భుజాలు మార్చుకుంటూ, వాగు దాటుకుంటూ. ఆ నలుగురి ఊపిరికి ఏ ప్రాణాయామం పేరూ లేదు. పోడు కొండ ఎక్కి దిగేవాళ్ళకి, అడ్డాకులు ఏరి మోపుకట్టి సంతకి మోసేవాళ్ళకి, నా లాంటి కుర్చీ మనిషికి రాసిన లాభాలనే అచ్చుగుద్దినట్టు రాసిపెట్టడంలో ఒక బద్ధకం ఉంది. ఆ ఫ్లెక్సీ హైదరాబాదులో పెడితే నాకు సరిపోతుంది. రాజవొమ్మంగిలో పెడితే ‘ఊబకాయము తగ్గును’ అన్న వాక్యం ఎవరికేసి చూస్తున్నట్టు?

*

రాజవొమ్మంగిలో యోగి అనగానే అందరికీ గుర్తొచ్చేది ఒక్కరే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు మూడు పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి. రాజవొమ్మంగి స్టేషన్లో బంధించి ఉంచిన మొట్టడం వీరయ్యదొరని విడిపించారు. ఆయన అంతకుముందే ఫితూరీ నడిపినవాడు.

మన సినిమాల్లో అల్లూరి ఎలా కనబడతాడో ఒకసారి చూడండి. 1974లో కృష్ణ వేసిన అల్లూరి అయినా, 2022లో ‘ఆర్‌ఆర్‌ఆర్’ చివర్లో రామ్‌చరణ్ అయినా, మనకి మిగిలే బొమ్మ ఒక్కటే: కాషాయం, విల్లు, మెరిసే ఛాతీ. ముఖం లేని ఫ్లెక్సీ బొమ్మకి ముఖం పెడితే ఇలాగే ఉంటుందేమో అనిపిస్తుంది. సాధన వల్ల వచ్చిన శరీరం, ఆ శరీరం వల్ల వచ్చిన శౌర్యం. ఇది కూడా ఫలశ్రుతే. తపస్సు చేసినవారికి పరాక్రమము కలుగును.

చరిత్రలో వరస వేరు. అల్లూరి 1917లో కృష్ణదేవిపేట చేరాడు. ధ్యానం చేసేవాడు, మందులిచ్చేవాడు, జాతకాలు చెప్పేవాడు. కొండజనం ఆయన్ని నమ్మారు. ఆ నమ్మకంతో ఆయన మొదట చెప్పింది తాగుడు మానమని, కోర్టులకి పోకుండా పంచాయితీల్లో తగువులు తీర్చుకోమని. ఆ కొండల్లో అప్పటికే ఒళ్ళు అరిగిపోతున్నవాళ్ళున్నారు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుని నేరం చేసింది. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ ఘాట్ రోడ్డు పనికి జనాన్ని తోలి కూలి సరిగా ఇవ్వలేదు. అంటే గొడవ మొదలైందే ఒంటి మీద. ఎవరి ఒళ్ళు ఎవరి పనికి ఎంత అరగాలి, దానికి ఎంత ముట్టాలి అన్న ప్రశ్న మీద. యోగి అని పేరున్న మనిషి ఆ ప్రశ్నని పక్కన పెట్టి కళ్ళు మూసుకోలేదు. 1924 మే 7న పక్కనే ఉన్న కొయ్యూరులో ఆయన్ని కాల్చేశారు.

ఆయన్ని ఆదర్శ యోగాభ్యాసకుడిగా పోస్టరెక్కించాలని నేననడం లేదు. ఆయన సాధన వివరాలు కూడా చాలావరకు జనం నోట్లోంచి వచ్చినవే. నేననేది వేరు. పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది. మొదటిది యమం: అహింస, సత్యం, దొంగిలించకపోవడం, బ్రహ్మచర్యం, అవసరానికి మించి పోగేసుకోకపోవడం. దొంగిలించకపోవడం అన్నదాన్ని కూలి ఎగ్గొట్టిన రోడ్డు పక్కన నిలబడి చదివితే దానికి చాలా నిర్దిష్టమైన అర్థం వస్తుంది. పోడు పట్టా కోసం ఏళ్ళ తరబడి ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళ పక్కన నిలబడి చదివినా వస్తుంది. మన ఆరోగ్య సాహిత్యం మొదటి రెండు మెట్లు చింపేసి మూడో మెట్టు నుంచి మొదలుపెడుతుంది. అందుకే దాంట్లో మనిషి ఒంటరిగా, ముఖం లేకుండా, చాప మీద మిగిలిపోయాడు. రక్తహీనత అతని శ్రద్ధ లోపం, ఆందోళన అతని సాధన లోపం. రేషనూ, రోడ్డూ, హాస్టలు దుప్పటీ ఆ వాక్యంలోకి రానే రావు.

హాస్టలు దుప్పటి అంటే గుర్తొచ్చింది. మానసిక ఆరోగ్యం అన్న మాట ఆ ఫ్లెక్సీలో రెండుసార్లు ఉంది. ఆరేడేళ్ళకే ఇల్లు వదిలి ఆశ్రమ పాఠశాలకి వచ్చిన పిల్లకి మనశ్శాంతి అంటే మొదట అమ్మ. అది లేనప్పుడు, రాత్రి భయమేస్తే లేపి చెప్పుకోగలిగే ఒక పెద్ద మనిషి. ఆ తర్వాత నిండా నిద్ర. ఇవన్నీ ఉన్నచోట పొద్దున్నే పది నిమిషాలు మెల్లగా ఊపిరి తీసుకోవడం చాలా మంచి చేస్తుంది. నాకు చేసింది. ఇవేవీ లేనిచోట అదే పది నిమిషాలు మరో పీరియడ్ అవుతుంది.

*

యోగా పుస్తకాల గురించి ఒక మంచి మాట చెప్పకపోతే ఈ విమర్శ ఏకపక్షమవుతుంది. వాటిల్లో ‘ఉపయోగములు’ కన్నా ముందు ‘విధానము’ అనే భాగం ఉంటుంది. వెల్లకిలా పడుకోండి. కుడికాలు మడవండి. మడమని నేలకి ఆనించండి. ఊపిరి వదులుతూ మెల్లగా తల ఎత్తండి. మంచి రచయిత చేతిలో ఈ వచనం ఎంత బాగుంటుందో ఎవరైనా గమనించారా? చిన్న వాక్యాలు. ప్రతి వాక్యంలో ఒక అవయవం, ఒక దిక్కు, ఒక కదలిక. అన్నిటికన్నా ముఖ్యంగా ప్రతి క్రియలోనూ ‘మీరు’ దాక్కుని ఉంటుంది. అక్కడ పాఠకుడికి ఒళ్ళుంది. ‘మెల్లగా’ అన్న మాట తెలుగులో ఇంత దయగా వాడే చోటు ఇంకోటి లేదు. పేజీ తిప్పగానే ‘ఉపయోగములు’ వస్తాయి, మీరు మాయమవుతారు, రోగములు నశించును.

అంటే మనకి కావలసిన భాష మన దగ్గరే ఉంది, ఒక పేజీ ముందు. ఆ డెబ్భై ఏళ్ళ టీచరు మాట్లాడేది ఆ భాషే. ఆవిడ ఎప్పుడూ లాభాలు చెప్పలేదు. రోజూ చివర్లో ఒకే ప్రశ్న అడిగేది, ‘ఇవాళ ఎలా ఉంది?’ అని. బాగాలేదంటే సరేనని తలూపేది. ప్రయోజనాల జాబితాకి బాగాలేదన్న జవాబు పట్టదు. ప్రశ్నకి పడుతుంది.

టీ కొట్టు దగ్గర ఆ అమ్మాయితో చివరగా ఒకటి అడిగాను. మీ ఫ్రెండ్ కూర్చుండిపోయింది అన్నావు కదా, ఎవరైనా ఏమన్నా అన్నారా అని.

“ఎవరూ ఏటీ అన్లేదు మేడం. నేనే పక్కన కూచున్నాను కాసేపు. నీళ్ళిచ్చేను.” తర్వాత ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించి, “అప్పుడు నాకు నూట రెండే అయ్యేయి. మిగతావి లెక్కలో కలిపేసుకున్నాను,” అంది.

నూట ఎనిమిది అని మొదట చెప్పింది నాకు గుర్తే. నేనేమీ అనలేదు. లెక్కలోంచి తప్పిపోయిన ఆ ఆరు నమస్కారాల టైములో ఆ పిల్ల చేసిన పనికి పతంజలి జాబితాలో ఏ పేరు సరిపోతుందా అని ఏలేశ్వరం దాకా ఆలోచించుకుంటూ వచ్చాను.